సీసాలో నా గొంతు

ఏలూరు క్యాన్సరు ఆసుపత్రిలో కరెంటు పెట్టే కిరణాల మిషను కొలత తప్పిందనీ, ఆసుపత్రివాళ్లు సీసాల్లో పరీక్ష చేసి చూసుకుని ఆ సంగతి దాచేశారనీ మా తాడేపల్లిగూడెం బియ్యం బజారులో ఒక మాట ఇప్పటికీ తిరుగుతోంది. భీమడోలు దాటి కొల్లేటి లంకల్లోకి కూడా వెళ్లింది. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. పుట్టించినవాడు నోరు విప్పితే తప్ప అది చావదని ఈమధ్యనే తెలిసింది. అందుకని రాస్తున్నాను.

రాయడానికి కూర్చుంటే మాత్రం ముందుగా గుర్తుకొచ్చేది నా తప్పు కాదు. ఆ ఏడు వారాలే గుర్తుకొస్తున్నాయి. పొద్దుటి పాసింజరు రైలు, పూళ్ల స్టేషను దగ్గర కిటికీలోంచి కొట్టే తడి చేల వాసన, ఆసుపత్రి కింది అంతస్తులో ఆకుపచ్చ రెక్సిను బెంచీలు, ఆ బెంచీల మీద మెడలకి తువ్వాళ్లు చుట్టుకుని కూర్చున్న మేము. ఇప్పటికీ ఒక్కోసారి ఆ రోజుల మీద బెంగగా ఉంటుంది. చావు భయంతో గడిపిన రోజుల మీద బెంగేమిటండీ అంటుంది మా ఆవిడ రాజ్యం.

భాద్రపదం

నాది బియ్యం బ్రోకరు పని. మిల్లువాళ్లకీ, కొనేవాళ్లకీ మధ్య బేరం కుదర్చడం. ఈ పనికి ముఖ్యంగా కావలసింది గొంతు. రోజంతా ఫోన్లు, మిల్లు చప్పుడులో కేకలు. అలాంటిది రెండేళ్ల కిందట వానాకాలంలో నా గొంతు బొంగురు పోయింది. వర్షంలో తడిశానని మిరియాల కషాయం తాగాను. తేనె నాకాను. సిగరెట్లు తగ్గించానని ఇంట్లో చెప్పాను, తగ్గించలేదు. వినాయక చవితి వెళ్లింది, దసరా వెళ్లింది. ఫోన్లో అవతలివాళ్లు "ఎవరండీ?" అని అడగడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లుగా నా గొంతు విని పేరు పలికినవాళ్లు వాళ్లు.

చివరికి రాజ్యమే నన్ను ఏలూరు తీసుకెళ్లింది. గొంతులోకి సన్న గొట్టంతో కెమెరా పంపి చూశారు. ముక్క తీసి పరీక్షకి ఇచ్చారు. క్యాన్సరనే మాట డాక్టరుగారు నాతో అనలేదు. "పుండు ఉందండీ, కరెంటు పెట్టించుకుంటే తగ్గే అవకాశం బాగుంది" అన్నారు. రాజ్యం బయటికొచ్చి మంచినీళ్ల సీసా మూత తీయబోయి తీయలేక నాకిచ్చింది. నేనూ తీయలేకపోయాను. పక్కనెవరో తీసి ఇచ్చారు.

హైదరాబాదు వెళ్లాల్సిందేనని మా అన్నయ్య పట్టుబట్టాడు. ఏలూరులో అదే వైద్యం ఉంటే ఊరు కాని ఊళ్లో ఎందుకని రాజ్యం. ఇద్దరికీ మాట పెరిగి అన్నయ్య నెలరోజులు మా గుమ్మం తొక్కలేదు. మొత్తానికి రోజూ గూడెం నుంచి రైల్లో వెళ్లి రావడానికి స్థిరపడ్డాం.

కార్తీకం

ముందు మొహానికి ముసుగు చేస్తారు. వేడినీళ్లలో ముంచిన చిల్లుల ప్లాస్టిక్కు పలకని మెత్తగా ఉండగానే మొహం మీద, మెడ మీద పరిచి నొక్కితే మన ఆకారంలోనే గట్టిపడుతుంది. వైద్యం జరిగినన్నాళ్లూ రోజూ దాన్ని మనకి తొడిగి బల్లకి బిగిస్తారు, మెడ కదలకుండా.

ఆ ముసుగు చేయించుకుని బయటికి వస్తుంటే బెంచీ మీద ఒకతను నవ్వాడు. "మొహం మీద వల గుర్తులు పడ్డాయండి. కంగారు పడకండి. నాకైతే అలవాటే, మాది వలల వృత్తి."

అతనే ఏడుకొండలు. కొల్లేటి లంక మనిషి, నా వయసే. చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. చెరువు మీదికి దిగే పక్షుల్ని గట్టు మీద నిలబడి కేకేసి తోలడం అతని పని. అతనికీ గొంతే. నేను వెళ్లేసరికి పది రోజులు కరెంటు పెట్టించుకుని ఉన్నాడు, అంచేత బెంచీ మీద పెద్దరికం అతనిది. ఎప్పుడు నోరు ఎండుతుందో, ఎప్పుడు రుచి పోతుందో, ఎప్పటినించి గంజి తప్ప దిగదో అన్నీ కొత్తవాళ్లకి చెప్పేవాడు.

"షావుకారుగారూ, మీరు చేప తినరు గనక రుచి పోయినా మీకు పోయేది పప్పు రుచేనండి. నాకు పోయింది కొరమీను రుచి. నష్టం నాదేనండి" అనేవాడు. అతని భార్య నాగమణి "ఊరుకోవయ్యా, ఆ గొంతు దాచుకో" అని కసిరేది. రాజ్యానికి ఆ దంపతులంటే మొదటిరోజే ఇష్టమైంది. కార్తీక మాసం ఉపవాసాలుండే మా ఆవిడ, చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చునే నాగమణి ఒకే బెంచీ మీద కూర్చుని నాలుగురోజుల్లో వంటిళ్ల సంగతులన్నీ చెప్పేసుకున్నారు.

నాకు కరెంటు సోమవారం మొదలుపెట్టాలి. వెళితే రేపు రమ్మన్నారు. మంగళవారం వెళితే మళ్లీ రేపన్నారు. కారణం చెప్పేది మాధవిగారని ఒక అమ్మాయి. ఆవిడ డాక్టరు కాదు, ఫిజిసిస్టు. కిరణాలు ఎంత పడాలో, ఎక్కడ పడాలో లెక్క చూసే మనిషి. "ఒక కొలత ఇంకోసారి చూసుకుంటున్నామండీ బాబాయ్‌గారూ. రెండురోజులు ఓపిక పట్టండి" అంది మెత్తగా.

బుధవారం ఆవిడ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల టెక్నీషియన్‌తో అంటున్న మాట నా చెవిన పడింది. "సీసాలో వచ్చింది ప్లానుతో కలవట్లేదు. ఇవాళ కూడా ఆయనకి మొదలుపెట్టొద్దు."

ఇక్కడ మా వ్యాపారం సంగతి ఒకటి చెప్పాలి. బియ్యం కొనేవాడు ముందు శాంపిల్ చూస్తాడు. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి, అరచేతిలో పోసుకుని, ఊది, కొరికి చూస్తాడు. నచ్చితే బేరం కుదురుతుంది. కుదిరాక మళ్లీ ఎవరూ బస్తా గుచ్చరు. గుచ్చారంటే సరుకు మీద అనుమానం వచ్చిందని అర్థం. అది అమ్మేవాడి మొహాన ఉమ్మేసినంత పని. రెండోసారి గొట్టం తీసిన చోట బేరం ఉండదు. ఇది నేను పుస్తకంలో చదివిన పాఠం కాదు, పదహారో ఏట మా నాన్న వెనక తిరుగుతూ ఒంట పట్టించుకున్నది. అంచేత ఒకసారి చూసిన కొలతని ఇంకోసారి చూస్తున్నారంటే నా బుర్రకి ఒక్కటే తోచింది. సరుకు చెడింది. వీళ్లకి తెలిసింది. మనకి చెప్పడం లేదు.

బెంచీ దగ్గరికొచ్చి అదే చెప్పాను. భయంతో అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కొంత భయమే. కాని మూడురోజులుగా అందరి ముందూ కొత్తవాడిలా కూర్చున్నవాణ్ణి, ఒక్కసారిగా నలుగురూ నా వైపు తిరిగి వింటుంటే బాగుండింది. అది కూడా నిజమే.

"సీసాలో పరీక్ష చేశారట, లెక్క కలవలేదట. మిషను కొలత తప్పింది" అన్నాను.

ఏడుకొండలు నవ్వలేదు. "నాకు ఇప్పటికి పద్నాలుగు సార్లు పెట్టారండి, ఆ మిషను మీదే. మరి నా సంగతేంటండి?"

"నేనేం చెప్పను? కాటా తూకం తప్పిందని తెలిశాక దాని మీద ఎన్ని బస్తాలు తూచినా తప్పే కదా."

"అంటే ఎక్కువ పడిందంటారా, తక్కువ పడిందంటారా?"

"ఎవరికి తెలుసు? ఎక్కువైతే లోపల కాలిపోతుంది, తక్కువైతే రోగం పోదు. నేనైతే ఇంకా ఎక్కలేదు, బతికిపోయాను. నీ సంగతి నువ్వే ఆలోచించుకో."

నాగమణి మందుల గదికి వెళ్లి ఉంది. రాజ్యం ఆవిడతోనే వెళ్లింది. పది నిమిషాలకి అతని పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. ఏడుకొండలు అక్కడ లేడు.

శుక్రవారం

మాధవిగారు నన్నూ రాజ్యాన్నీ గదిలోకి పిలిచి బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టింది. ఒక్కోటి మనిషి మెడంత లావు. లోపల జిగురు లాంటి పదార్థం. జెల్ అంటారట. కిరణం పడనంతవరకు అది లేత ముంజెలా తేటగా ఉంటుంది. పడినచోట ముదురు ముంజెలా తెల్లబడుతుంది. ఎంత ఎక్కువ పడితే అంత తెలుపు. నాకు ఏ కొలతలతో పెట్టబోతున్నారో అవే కొలతలతో ముందు ఆ సీసాకి పెట్టి, తరవాత దాన్ని మనిషిని పడుకోబెట్టినట్టే ఎమ్మారై స్కానులో పెట్టి చదువుతారు. మామూలు మీటరు ఒక్కచోట ఎంత పడిందో చెబుతుంది. సీసా అయితే ముందూ వెనకా లోపలా అంతా చూపిస్తుంది.

"ఇదుగోండి, ఇదీ మీ గొంతు" అంది. సీసా మధ్యలో తెల్లటి మబ్బు ముద్ద ఒకటి ఉంది. దాని వెనక వంపు తిరిగి ఒక తేట జాగా. "ఇక్కడ వెన్నుపాము ఉంటుంది. దీని మీద పడకూడదు. చూడండి, ఎంత శుభ్రంగా ఉందో."

నేను సీసాని వెలుతురుకెత్తి చూశాను. నా శరీరం లోపల జరగబోయేదాన్ని ముందుగా చేతిలో పట్టుకుని చూడటం నాకు ఈ జన్మలో అదొక్కసారే. అంత అందంగా ఉంటుందనుకోలేదు.

"మరి కలవలేదన్నారు కదమ్మా?" అని అడిగాను.

"మీరు విన్నారా?" అని నొచ్చుకుంది. "తప్పు మాదేనండీ. మొదటి సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే స్కాను చేసేశారు. చల్లగా ఉంటే ఈ జెల్ లెక్క వేరుగా చూపిస్తుంది. గది వేడికి రావాలి. అది తేలేదాకా మీకు మొదలుపెట్టడం ఇష్టంలేక ఆపాను. రెండో సీసా పోసి చేశాను, మొదటిదాన్ని కూడా గదిలో ఉంచి మళ్లీ చదివించాను. రెండూ ప్లానుతో కలిశాయి. మిషన్‌లో ఏ తేడా లేదు."

"అందరికీ ఇలా చేస్తారా?"

"వెన్నుపాముకి దగ్గరగా పెట్టాల్సినవాళ్లకి అదనంగా చేస్తున్నామండీ. ఏడుకొండలుగారి సీసా అయితే మొదటిసారే సరిపోయింది. ఆయన రెండురోజుల్నించి రావట్లేదు, ఎందుకో మరి. మీకేమైనా చెప్పారా?"

రాజ్యం నా వైపు చూడలేదు. ఆవిడకి అప్పటికింకా ఏమీ తెలియదు. నాకు తెలుసు.

"లేదమ్మా. తెలీదు" అన్నాను.

బుధవారం అన్నది తెలియక అన్నాను. శుక్రవారం అన్నది తెలిసి అన్నాను.

మార్గశిరం

సోమవారం నుంచి నాకు మొదలైంది. ముసుగు బిగిస్తారు, అందరూ బయటికి వెళ్లి బరువైన తలుపు మూసేస్తారు, మిషను తల చుట్టూ తిరుగుతుంది. నొప్పి ఏమీ ఉండదు. లోపల పడుకుని రోజూ ఒక్కటే అనుకునేవాణ్ణి, ఇవాళ చెప్పాలి. బయటికొచ్చాక చెప్పేవాణ్ణి కాదు.

ఎందుకు చెప్పలేదని అడిగితే, మా వృత్తిలో సరుకు బాగోలేదని ఒకసారి అన్నవాడు మళ్లీ బాగుందని అనడు. అంటే రెండు మాటలకీ విలువ పోతుంది. అదొకటి. నా మాట అప్పటికే గూడెం చేరింది. పరామర్శకి వచ్చినవాళ్లకి నేనే చెప్పాను, ఇలా ఆపారు, అలా దాచారని. రెండోది, చెబితే మాధవిగారి దగ్గర నా మొహం ఏమవుతుందనే భయం. రోజూ ఆవిడ చేతి కింద పడుకోవాలి కదా. మొత్తానికి ఒక మనిషి వైద్యం కన్నా ఇవన్నీ నాకు పెద్దవైపోయాయి.

ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తే నాగమణి "వస్తామండీ, చెరువులో చేపల పట్టుబడి ఉంది" అని పెట్టేసేదట. ఇంతలో బెంచీ మీద ఇంకో ఇద్దరు మాధవిగారిని సీసాల గురించి నిలదీశారు. ఆవిడని పైవాళ్లు పిలిచి అడిగారట. అప్పట్నించి ఆ సీసాల పని ఆపించేశారు, జనం భయపడుతున్నారని. జాగ్రత్తకోసం రెండోసారి చూసుకున్నందుకు ఆ అమ్మాయికి దక్కిన మర్యాద అది.

రాజ్యానికి నాగమణి ద్వారానే తెలిసింది. ఇద్దరూ ఫోన్ నంబర్లు తీసుకుని ఉన్నారు. దెందులూరు దాటాక రైల్లో నా పక్కన కూర్చుని, కిటికీలోంచే చూస్తూ అడిగింది.

"ఏవండీ, ఆ కాటా మాట మీరన్నదేనా?"

"ఏదో మాటల్లో..."

"సీసాలు చూసి వచ్చాక మళ్లీ ఆయనకి చెప్పారా?"

నేను మెడ చుట్టూ తువ్వాలు సర్దుకున్నాను.

"రోజూ ముసుగేసుకుని అదే మిషను మీద పడుకుంటున్నారు. ఒక్కరోజైనా మీకు ఆయన గుర్తుకు రాలేదాండీ?" అంది. గూడెం స్టేషన్ వచ్చేదాకా మళ్లీ నోరెత్తలేదు. ఆ మర్నాడు, ఆ తరవాతి రోజు కూడా. నాకు గంజి పోసింది, మెడకి మందు రాసింది, రైల్లో పక్కనే కూర్చుంది. మాట మాత్రం లేదు.

ఆదివారం ఆసుపత్రికి సెలవు. నేనొక్కణ్ణే బయల్దేరాను. ఏలూరులో దిగి షేర్ ఆటో ఎక్కాను. పదేళ్లప్పుడు మా నాన్నతో అటు వెళ్లాను, బియ్యం బస్తాలేసుకున్న పడవలో. బస్తాల మీద వెల్లకిలా పడుకుంటే రెండు వైపులా తామరాకులు పడవకి రాసుకుంటూ పోయేవి, నీళ్లలో చెయ్యి పెట్టొద్దని నాన్న అరిచేవాడు. ఇప్పుడు చాలావరకు చెరువు గట్ల మీద రోడ్డే. రెండు వైపులా సరిగ్గా గీసినట్టు చెరువులు. చివర ఒక్క కాలవ మాత్రం పడవ మీద దాటాను. ఆ కాస్త దూరంలోనే ఎక్కణ్ణించో పాత నీళ్ల వాసన వచ్చి, నేనెందుకొచ్చానో ఒక్క క్షణం మర్చిపోయాను.

ఏడుకొండలు ఇంటి ముందు నులక మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు. నాగమణి లేవనివ్వలేదు.

"రండి షావుకారుగారూ. మీ మాట మీదే ఇంట్లో కూచున్నాడు, చూసిపోండి" అంది.

మంచం అంచున కూర్చుని చెప్పేశాను. "మిషను మంచిదే నాగమణీ. తేడా సీసాని చల్లగా చదవడం వల్ల వచ్చింది. ఏడుకొండలు సీసా మొదటే సరిపోయిందట. నేను తప్పు చెప్పాను."

ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇది మీకెప్పుడు తెలిసిందండి?"

"శుక్రవారం."

"మొన్నటి శుక్రవారమా?"

"కాదు." ఆగకుండా మిగతాది కూడా చెప్పాను. "ఇతను బెంచీ మీంచి లేచి వచ్చేసిన రెండో రోజే తెలిసింది."

నాగమణి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. వైద్యం మానేసి పద్దెనిమిది రోజులు. లోపలికి వెళ్లిపోయింది. లోపల గిన్నె ఏదో నేలకేసి కొట్టిన చప్పుడైంది. ఏడుకొండలు మాత్రం ఆ బొంగురు గొంతుతో మెల్లిగా అన్నాడు. "అంటే ఇన్నాళ్లూ మీరు ఆ కాటా మీదే కూచున్నారన్నమాట."

తిట్టి ఉంటే బాగుండేది.

"రేపొస్తావా?" అన్నాను.

"వస్తానండి. మీమీద కోపంతో చచ్చిపోతే నాకేం లాభం?"

పుష్యం

మర్నాడు మాధవిగారి దగ్గర నేను, ఏడుకొండలు, నాగమణి ముగ్గురం నిలబడ్డాం. అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. "ఆరోజే చెప్పుంటే ఆయన్ని పిలిచి సీసా చూపించేదాన్ని కదండీ" అంది, అంతే. డాక్టరుగారూ ఆవిడా కలిసి, అతనికి పోయిన రోజులకి సరిపడా లెక్క మార్చి, కొన్ని రోజులు ఎక్కువ పెట్టాలన్నారు.

ఆ తరవాతి నాలుగు వారాలే నేను బెంగపడేవి. నేను తప్పు ఒప్పుకున్నాను, రాజ్యం మళ్లీ మాట్లాడింది, ఏడుకొండలు పక్కన ఉన్నాడు. ఇద్దరి మెడలూ మాడిన పెనంలా నల్లబడ్డాయి. మంచినీళ్లు గాజు ముక్కల్లా దిగేవి. ఒకరోజు అతను టిఫిను డబ్బాలో బుర్రగుంజు తెచ్చాడు, మొలకెత్తిన తాటి టెంకలో ఉండే తెల్లటి మెత్తటి గుజ్జు. "మింగనక్కర్లేదండి, నోట్లో పెట్టుకుంటే అదే పోద్ది" అన్నాడు. నిజంగానే పోయింది. వారం తరవాత లోపలికి దిగిన మొదటి తిండి అదే. రుచి తెలియలేదు గాని చల్లదనం తెలిసింది.

నాగమణి నాతో మాట్లాడటానికి పది రోజులు పట్టింది. "ఏంటండీ అలా తింటన్నారు, కోడిపిల్లలాగా" అంది ఓరోజు. ఆ ఎత్తిపొడుపు కోసం నేనెంత ఎదురుచూశానో ఆవిడకి తెలియదు.

నా చివరి రోజున ఏడుకొండలు "నాకింకో ఐదురోజులుంది, మీ తప్పుకి శిక్ష నాకేసారు" అని నవ్వించాడు. ఆ ఐదురోజులూ నేను రైలెక్కి వెళ్లి బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను. పని లేకుండా ఆసుపత్రికి వెళ్లి సంతోషంగా ఇంటికి రావడం అప్పుడే.

ఆ తరవాత

నా గొంతు వచ్చింది. పూర్తిగా కాదు, బేరానికి చాలినంత. మరుసటి వానాకాలానికి ఏడుకొండలు పుండు తిరగబెట్టింది. ఈసారి గొంతులో మాటపెట్టె, అదే స్వరపేటిక, మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా ఒక గుడ్డ. మనిషి బతికాడు. చెరువు గట్టు మీద పక్షుల్ని తోలడానికి ఇప్పుడు రేకు డబ్బా కొడతాడు.

మధ్యలో మానేయడం వల్లేనా అని డాక్టరుగారిని అడిగాను. "అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఒక్క మనిషి విషయంలో ఖచ్చితంగా చెప్పలేమండీ. కాని గొంతు జబ్బుల్లో మధ్యలో ఆపకూడదని అందుకే అంటాం" అన్నారు. అందులో మొదటి ముక్క మాత్రం నేను జేబులో పెట్టుకున్నాను. ఎవరడిగినా, నన్ను నేనడిగినా, ఖచ్చితంగా చెప్పలేమన్నారు అనేవాణ్ణి.

ఈ ఏడాది ఆషాఢంలో నాగమణి ఫోన్ చేసింది. "మా ఆయన మిమ్మల్ని రమ్మంటన్నాడండి."

"ఎందుకమ్మా?"

"ఏమో, చెప్పడు కదండీ" అని తన మాటకి తనే నవ్వింది.

వెళ్లాను. ఏడుకొండలు నా చెయ్యి పట్టుకుని రెండిళ్ల అవతలికి తీసుకెళ్లాడు. నాగమణి కూడా వెంట వచ్చింది. అక్కడ వెంకాయమ్మ అని అరవై దాటిన మనిషి. చుట్ట అలవాటు. దవడలో పుండు. కరెంటు పెట్టించుకోమన్నారు. పెట్టించుకోనని నెలరోజులుగా మొండికేసి కూర్చుందట.

"ఆ మిషను కొలత తప్పిందంట కదా బాబూ" అంది. "గూడెం షావుకారెవరో కనిపెట్టాడంట. అయినా నాకు ఇంకొకరు చెప్పాలా? ఈ ఏడుకొండలు ఎట్టా అరిచేవాడు, కాలవ అవతలికి వినపడేది. ఆ మిషను కాడికెళ్లే కదా గొంతు పోగొట్టుకుంది!"

ఏడుకొండలు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ పట్టించుకోలేదు. రోజూ ఊపుతూనే ఉండి ఉంటాడు. నా వైపు చూశాడు. నన్నెందుకు రమ్మన్నాడో అప్పుడు అర్థమైంది. అతని మూగ గొంతే నా అబద్ధానికి సాక్ష్యమై లంకంతా తిరుగుతోంది. కాదని చెప్పడానికి అతనికి గొంతు లేదు, నాగమణి చెబితే నమ్మేవాళ్లు లేరు.

"ఆ షావుకారుని నేనేనమ్మా" అన్నాను. "అది అబద్ధం."

సీసాల సంగతి, చల్లగా చదివిన సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. గుమ్మంలో నలుగురు చేరారు. వెంకాయమ్మ అంతా విని, "మరి వీడి గొంతెందుకు పోయింది?" అని అడిగింది.

ఖచ్చితంగా చెప్పలేమన్నారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడుకొండలు నన్నే చూస్తున్నాడు.

"మిషను వల్ల పోలేదు. మధ్యలో పద్దెనిమిది రోజులు మానేశాడు. దానివల్ల పోయి ఉంటుంది. మానిపించింది నేను. మిషను మంచిదని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను."

"నువ్వు కూడా మానేసావా బాబూ?"

"లేదమ్మా. నేను ఒక్కరోజు కూడా మానలేదు."

వెంకాయమ్మ నా మెడ వైపు చూసింది. తరవాత ఏడుకొండలు మెడ మీది గుడ్డ వైపు చూసింది. "ఎంత పని చేసావయ్యా" అంది. లోపలికి తిరిగి కొడుకుని కేకేసింది. "ఒరేయ్, ఏలూరు బస్సు పొద్దున్నే ఎన్నింటికిరా?"

నేను అక్కడున్న మంచం మీద కూర్చోబోయాను. ఏడుకొండలు కూర్చోనివ్వలేదు. రెక్క పట్టుకుని లేపి, కాలవ అవతలికి చెయ్యి చూపించాడు.

"అటేపు ఇంకో ఇద్దరున్నారండి" అంది నాగమణి. "వాళ్లు కూడా మీ మాట మీదే ఆగిపోయారు."

చెప్పులేసుకుని అతని వెనకే పడవ వైపు నడిచాను.